పచ్చ కమ్మలు వేసిన మేకలు

ఇంటర్వ్యూలో సార్ నన్ను అడిగిన మొదటి ప్రశ్న నా చదువు గురించి కాదు. చిన్నప్పుడు కడుపులో నులిపురుగులు పడితే మీ ఇంట్లో ఏ ఆకు పోసేవాళ్లని అడిగారు. కుప్పింటాకు అన్నాను. తమిళంలో కుప్పైమేని అంటారు. మా అమ్మ దాన్ని ఉప్పురాళ్లతో నూరి, గుడ్డలో పిండి, నా ముక్కు మూసి గొంతులో పోసేదనీ, తర్వాత చిన్న బెల్లం ముక్క చేతిలో పెట్టేదనీ చెప్పాను. ఆయన నవ్వి, పక్కన కూర్చున్న మేడం వైపు చూశారు. చాలా ఏళ్లుగా ఆయన ఆ ఆకు మీదే పని చేస్తున్నారని నాకు తర్వాత తెలిసింది. వారం తిరక్కుండా ఉద్యోగం వచ్చింది.

అప్పటికి నాకు ముప్పై రెండేళ్లు. జువాలజీలో ఎమ్మెస్సీ చేశాను. పెళ్లయి ఏడేళ్లుగా తిరుత్తణిలో అత్తగారింట్లో ఉంటున్నాను. మాది నేత కుటుంబం. ఆ ఇంట్లో మగ్గం గుంటలు పూడ్చేసి చాలా కాలమైంది. వాటి మీద రెండు పవర్‌లూములు నిలబెట్టారు. పొద్దున ఆరింటికి అవి మొదలైతే వంటింట్లో మాట్లాడేవాళ్ల పెదాలు చూసి మాట అర్థం చేసుకోవాలి. మా ఆయన ఆవడిలో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తాడు. తెల్లవారి రైలెక్కితే దీపాలు పెట్టాక వస్తాడు. కూతురు ఒకటో తరగతిలో చేరాక పగలంతా ఆ చప్పుడులో నేనూ మా అత్తా మిగిలాం. ఆమె మంచిదే. కానీ నేను వీధి తలుపు దాటితే ఎక్కడికని అడిగేది, తిరిగొస్తే ఇంతసేపా అని అడిగేది. ఆ అడగడంలో కోపం కూడా ఉండేది కాదు. అందుకే తిరువళ్లూరు దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో ప్రాజెక్టు అసిస్టెంటు కావాలన్న ప్రకటన కనపడగానే ఎవరినీ అడక్కుండా దరఖాస్తు పంపాను.

చేరిన రోజు ఆఫీసులో ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మన్నారు. పదో తరగతి నుంచి ఎమ్మెస్సీ దాకా అన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డరులో పెట్టి ఇచ్చాను. ప్రాజెక్టు ముగిశాక తీసుకోవచ్చన్నారు. గుమాస్తా ఆ ఫోల్డరుని ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఇక్కడ అందరూ అలాగే ఇస్తారు కాబట్టి నాకు ఏమీ అనిపించలేదు. ఇంట్లోంచి బయటపడ్డానన్న సంతోషంలో ఉన్నాను.

పని ఏమిటో చెప్పాలి. మేకల కడుపులో నట్టలు పడతాయి, నెత్తురు తాగే సన్నటి పురుగులు. వాటికి పోసే మందు ఒకటే రకం, ఏళ్ల తరబడి అదే పోస్తున్నారు. ఆ మందుకి చావని నట్టలు మిగిలి, అవే పిల్లలు పెట్టి, ఇప్పుడు చాలా చోట్ల మందు పోసినా పోయకపోయినా ఒకటే అయింది. కొత్త మందు కనిపెట్టడం మా వంటివాళ్ల చేతిలో లేదు. పాత మందుకే మనకు తెలిసిన ఆకు సారాన్ని తోడు చేస్తే మళ్లీ పని చేస్తుందా అన్నది సార్ ఆలోచన. ఆకు సారం నట్ట ఒంటి మీది పొరని దెబ్బతీస్తే మందు లోపలికి దిగుతుందని ఆయన నమ్మకం.

వారానికి రెండుసార్లు నేను తిరువళ్లూరులో మాంసం కొట్టు తెరిచే వేళకి పోయి మేక పొట్టలు తెచ్చేదాన్ని. మేక పొట్టకి నాలుగు అరలు, అందులో నాలుగో అర కోసి, ఉప్పునీళ్లతో కడిగి, నట్టల్ని బ్రష్‌తో ఏరాలి. అవి తాగిన నెత్తురు ఎర్రగా, వాటి గుడ్ల సంచి తెల్లగా, రెండూ పెనవేసుకుని కనపడతాయి. రెండు రంగుల నూలు కలిపి పురి పెట్టినట్టే ఉంటాయి. మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి నాకు మొదటి రోజే అది అసహ్యం అనిపించలేదు. వాటిని నాలుగు గాజు పళ్లేల్లో వేసి, ఒకదాంట్లో ఉత్త ఉప్పునీళ్లు, ఒకదాంట్లో ఆకు సారం, ఒకదాంట్లో మందు, ఒకదాంట్లో రెండూ కలిపి, గంటకోసారి ఎన్ని కదులుతున్నాయో లెక్కపెట్టేదాన్ని. రెండూ కలిపిన పళ్లెంలోవి అన్నిటికంటే ముందు కదలడం మానేశాయి. సార్ ఆ రోజు మూడుసార్లు వచ్చి మైక్రోస్కోపులో చూశారు. మూడోసారి వచ్చినప్పుడు చేతిలో నాకు కూడా టీ గ్లాసు తెచ్చారు.

అవి మంచి నెలలు. తర్వాత మేకల వంతు వచ్చింది.

పళ్లెంలో నట్ట చస్తే చాలదు, మేక కడుపులో చావాలి. తిరుత్తణికి పడమరగా, కొండల వైపు, తెలుగు మాట్లాడే రైతు కుటుంబాల ఊళ్లున్నాయి. అక్కడ ప్రతి ఇంటికీ పదో పన్నెండో మేకలుంటాయి. సార్‌కి తెలుగు రాదు. వాళ్లకి తమిళం బాగా వచ్చు, ఆయనతో మాట్లాడటానికి ఇబ్బంది లేదు. అయినా నువ్వే పో, నీ మాటైతే నమ్ముతారు అన్నారు. ఒక్క వారంలో అరవై మేకలు కావాలన్నారు. ఐప్పసి నెల, అంటే అక్టోబరు నడిమి వానలు మొదలవబోతున్నాయి. వానకి గడ్డి లేస్తే నట్టలూ పెరుగుతాయి, పరీక్షకి అదే సరైన సమయం.

మేకలవాళ్ల అంగీకార పత్రం రెండు పేజీలు, తమిళంలో ఉంది. నేను దాన్ని చదివి తెలుగులో చెప్పి సంతకం తీసుకోవాలి. అందులో రెండో పేజీలో ఒక వాక్యం: మేకల్ని చీటీ తీసి నాలుగు జట్లుగా విభజిస్తాం, ఒక జట్టుకి మందు లేని రంగునీళ్లు మాత్రమే ఇస్తాం అని. అలా ఒక జట్టు లేకపోతే మందు పని చేసిందో, మేకలు వాటంతట అవే బాగయ్యాయో తెలియదు. మొదటి ఇంట్లో ఆ వాక్యం ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ ఇంటి పెద్దాయన పత్రం మడిచి నా చేతికిచ్చి, ఉత్త నీళ్లు పోసేదానికి మా మేకలెందుకు, మీ కాలేజీలో కుళాయి లేదా అన్నారు.

రెండో ఇల్లు పెద్దమ్మది. నాకు బంధువు కాదు. యాభై ఐదేళ్లుంటాయి, భర్త లేడు, కూతురు పెళ్లయి చెన్నై వైపు ఉంది. పదకొండు మేకల్ని ఒక్కతే మేపుకునేది. నేను తెలుగులో పలకరించగానే కొట్టం ముందు గోనెసంచి పరిచి కూర్చోబెట్టి, మీది యాడ, ఎవురింటి పిల్లవి అని అడిగింది. మా పుట్టింటి ఊరి పేరు చెబితే అక్కడి నేతవాళ్ల దగ్గర తన పెళ్లిచీర కొన్నారని చెప్పింది. మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నేను పత్రం చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీకి వచ్చేసరికి ఆమే అడిగింది.

"అన్నిటికీ మందు పోస్తారు గదా పాపా?"

మధ్యాహ్నం దాటింది. ఇంకా నాలుగిళ్లు ఉన్నాయి. మడిచిన పత్రం నా సంచిలో పైనే ఉంది.

"పోస్తాము పెద్దమ్మా. అన్నిట్లోనూ మందే" అన్నాను.

ఆమె వేలిముద్ర వేసింది. మిగిలిన ఇళ్లలో ఆమె పేరు చెప్పాను. ఆ యమ్మే ఒప్పుకుంటే మాకేమి అని వాళ్లూ ఒప్పుకున్నారు. సాయంత్రానికి అరవై మేకలయ్యాయి. సార్ ఫోనులో మెచ్చుకున్నారు.

మేకల చెవులకి రంగు ట్యాగులు వేశాం. ఎరుపు, పసుపు, నీలం, పచ్చ. ఊళ్లో వాళ్లు వాటిని కమ్మలన్నారు. ఏ రంగుకి ఏ సీసా అన్నది మాత్రమే నాకు తెలుసు. ఏ సీసాలో ఏముందో సార్ కవరులో పెట్టి అంటించారు. అన్నీ ఒకే రంగులో, ఒకే బెల్లం వాసనతో ఉండేవి. కమ్మలు వేసిన రోజే ఏ మేకకి రావాల్సింది దానికి పోశాను. చీటీలో పెద్దమ్మ మేకల్లో మూడింటికి పచ్చ వచ్చింది. వాటిలో ఒకటి ఆమె పాలకి ఉంచుకున్న నల్లమేక. కమ్మ వేయించుకున్న రోజు అది తల విదిలించి నా ముంజేతికి కొమ్ము తగిలించింది. అందానికి ఊరికే వేసినామే, ఉండే అని పెద్దమ్మ దాని మెడ నిమిరింది.

వారానికోసారి పోయి ప్రతి మేక పెంటికలు విడివిడిగా పొట్లాల్లో తేవాలి. లాబులో వాటిని ఉప్పునీళ్లలో నూరి, వడకట్టి, గళ్లున్న గాజు బిళ్లలో పోస్తే నట్టల గుడ్లు పైకి తేలతాయి. వాటిని లెక్కపెట్టాలి. మొదటి వారం లెక్కల్లోనే ఎరుపు కమ్మల మేకల్లో గుడ్లు బాగా తగ్గాయి. నీలంలో కొంచెం, పసుపులో కొంచెం. పచ్చలో తగ్గలేదు. రెండో వారం పచ్చలో పెరిగాయి. ఇక అంటించిన కవరు తెరవక్కర్లేదు. రంగునీళ్లు ఎవరికి పోశానో నాకు తెలిసిపోయింది. తెలిసినట్టు ఎక్కడా కనపడకూడదు. అది కూడా నియమమే.

పరీక్ష నియమాల్లో మంచి నియమం ఒకటుంది. సారే రాశారు. ప్రతివారం మేక కింది కనురెప్ప లాగి, లోపలి రంగుని ఒక కార్డుతో పోల్చి చూడాలి. ఆ కార్డు మీద నిండు ఎరుపు నుంచి తెలుపు దాకా ఐదు గళ్లు. నట్టలు నెత్తురు తాగేకొద్దీ రెప్ప లోపల తెల్లబడుతుంది. నాలుగో గడికి వచ్చిన మేకని వెంటనే పరీక్షలోంచి తీసి, పూర్తి మందు పోయాలి.

పద్నాలుగో రోజు పెద్దమ్మ కొట్టానికి పోయేసరికి వాన తుంపర పడుతోంది. నల్లమేక మిగిలినవాటితో కలవకుండా గోడవారన నిలబడి ఉంది. దవడ కింద నీరు దిగి మెత్తగా వేలాడుతోంది. కనురెప్ప లాగి చూశాను. కార్డు పక్కన పెట్టి చూశాను. నాలుగు. కొట్టం బయటికి తీసుకొచ్చి మళ్లీ చూశాను. నాలుగే.

వాకిట్లోకి వచ్చి సార్‌కి ఫోన్ చేశాను. వేరే ఇళ్లలో అప్పటికే పచ్చ జట్టులోంచి మూడు మేకల్ని తీసేశాం, ఇంకా తీస్తే పోల్చడానికి జట్టే మిగలదన్నారు. ఆ గొంతులో కసురు లేదు, నన్ను బతిమాలుతున్నట్టుంది. ఈ ప్రాజెక్టు కోసం ఆయన ఎంతకాలం ఎదురుచూశారో నాకు తెలుసు. మబ్బు వెలుతురులో రంగు సరిగా తెలియదు, మూడూ నాలుగూ మధ్యలో ఉంటే మూడని రాయవచ్చు, వచ్చే వారం మళ్లీ చూసి తీసేద్దాం అన్నారు. మూడూ నాలుగూ మధ్యలో లేదు సార్, నాలుగే అని నేను అనలేదు. సరే అన్నాను.

పుస్తకంలో మూడు అని రాశాను. పెద్దమ్మ చూరు కింద నిలబడి నేను రాయడం చూస్తోంది. ఏమని రాసినావని అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు ఇప్పటికీ తెలియదు. వచ్చే వారం చూస్తాము పెద్దమ్మా అని, గొడుగు తెరిచి బస్సు కోసం రోడ్డు మీదికి పోయాను.

ఆ తర్వాత మూడు రోజులు నేను ఉన్నచోట ఉండలేకపోయాను. రైల్లో కూర్చుంటే దిగిపోవాలనిపించేది. లాబులో ఉంటే ఇంటికి పోవాలనిపించేది, ఇంట్లో ఆ పవర్‌లూముల మధ్య నిలబడితే మళ్లీ లాబుకి. ఉద్యోగం మానేస్తానని చెప్పే మాటలు రైల్లో చాలాసార్లు లోలోపల అనుకున్నాను. ఆ మాటల చివరికి వచ్చేసరికి బీరువా గుర్తొచ్చేది. సర్టిఫికెట్లు లేకుండా ఇంకెక్కడికీ పోలేను. పోగలిగినా, నా మాట నమ్మి కమ్మలు వేయించుకున్న ఆ ఐదిళ్లకీ రేపటినుంచి ఎవరు పోతారు? మా ఆయనతో ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. ఆయన అంతా విని, మేక సంగతి మీ సార్ చూసుకుంటాడు, నీదేముంది, చెప్పిన పని చెయ్యడమే గదా అన్నాడు. ఆయన ఫ్యాక్టరీలో అలాగే బతుకుతున్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు.

పదిహేడో రోజు పొద్దున నేను స్టేషనుకి నడుస్తుండగా పెద్దమ్మ ఫోన్ చేసింది. నల్లది పోయింది పాపా అంది. అంతే చెప్పి పెట్టేసింది. నేను రైలెక్కలేదు. వెనక్కి తిరిగి బస్టాండుకి పోయి ఆ ఊరి బస్సెక్కాను.

మేక మీద గోనెసంచి కప్పి ఉంది. మిగిలిన రెండు పచ్చ కమ్మల మేకల్నీ వేరుగా కట్టేసింది. వాటిలో చిన్నదానికి కూడా దవడ కింద నీరు దిగడం మొదలైంది. పెద్దమ్మ ఏడవలేదు, నన్ను తిట్టలేదు. ఎరుపు కమ్మల మేకని ఒకదాన్ని చెవి పట్టుకుని లాక్కొచ్చి, పచ్చ కమ్మదాని పక్కన నిలబెట్టింది. రెండూ ఒకే ఈతలో పుట్టినవి. ఒకదాని ఒళ్లు నున్నగా ఉంది, ఒకదాని వెన్నుపూసలు లెక్కపెట్టొచ్చు.

"ఈటికి మందు పోసినారా లేదా? నా మొగం చూసి చెప్పు."

నేను ఆమె మొహం చూశాను. పోశామని చెప్పడానికి నోరు తెరిచి మూశాను.

"సరే" అంది ఆమె.

అని ఇంటి వెనక్కి పోయింది. వానలకి గోడ పొడుగునా కుప్పింటాకు మోకాలెత్తు లేచి ఉంది. రెండు చేతులా పీక్కొచ్చి, కడిగి, రోట్లో వేసి, తెల్లగడ్డ, అదే వెల్లుల్లి, నాలుగు రెబ్బలూ ఉప్పూ వేసి నూరింది. లోపల్నుంచి ఒక రేకు డబ్బా తెచ్చింది. అందులో పోయిన ఏడాది పశువుల క్యాంపులో ఇచ్చిన మాత్రలున్నాయి. వాటిని నా ముందు పెట్టి, ఇవి ఇంకా పనికొస్తాయా అని అడిగింది. నేను అట్ట మీద తేదీ చూశాను. పనికొస్తాయి. మేక తూకానికి ఎంత కావాలో చెప్పాను. ఆమె మాత్రలు పొడి చేసి ఆకు రసంలో కలిపింది. సార్ ఎంతో ఖరీదైన గాజు సామాను పెట్టి, సారం తీసి, తూచి కలిపించింది కూడా అదే. ఆమెకి ఎవరూ చెప్పలేదు. మాత్ర ఒకటే పోస్తే ఇప్పుడు వినడంలేదని ఊళ్లో చానామంది ఇట్లనే కలిపి పోస్తారని చెప్పింది.

చిన్నదాని దవడలు నేనే పట్టుకుని తెరిచాను. ఆమె వెదురు గొట్టంతో పోసింది. తర్వాత రెండోదానికి. నా చేతులు మోచేతుల దాకా ఆకుపచ్చగా అయ్యాయి. నియమం ప్రకారమైతే ఆ క్షణంలోనే సార్‌కి ఫోన్ చేసి ఈ రెండు మేకలూ పరీక్షలోంచి పోయాయని చెప్పాలి. చెప్పలేదు. అలాగని దాచాలని కూడా అనుకోలేదు. ఆ రోజుకి ఇంక ఏమీ చేయలేకపోయాను.

ఇరవై ఒకటో రోజు పెంటికలు తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఇతర ఇళ్లలో పచ్చ కమ్మల మేకల గుడ్లు గళ్ల నిండా ఉన్నాయి. పెద్దమ్మ రెండు మేకల్లో వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ గుడ్లు లేని గళ్లని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. నాకు సంతోషంగా ఉంది. ఆ సంతోషం ఎవరికీ చెప్పుకోలేనిది. అంకెల్ని మార్చి రాయవచ్చు. ఒకసారి మూడని రాసిన చేతికి అది పెద్ద కష్టం కాదు. కానీ ఈసారి ఉన్నది ఉన్నట్టే రాశాను, రాసి కంప్యూటర్‌లో ఎక్కించాను. సార్ చూస్తారని తెలుసు.

మర్నాడు పిలిచారు. ఆ రెండు అంకెలకీ ఎర్ర గీత గీసి ఉంది. ఈ ఇంట్లో ఏం జరిగిందని అడిగారు. నాలుగున్న చోట మూడు రాశాననీ, నల్లమేక చనిపోయిందనీ, మిగిలిన రెండింటికీ మందు పోశామనీ, దవడలు పట్టుకున్నది నేనేననీ చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. మూడు రాయమన్నది నేనే గదా అని ఆయన నెమ్మదిగా అన్నారు, నాతో కాదు, ఆ కాగితాలతో అన్నట్టుగా. తర్వాత జరిగిందంతా రాసి సంతకం పెట్టమన్నారు. ఆ ఇంటి లెక్కలు మొత్తం కొట్టేశారు. మిగిలిన ఇళ్లలో నాలుగో గడికి వచ్చిన ప్రతి మేకకీ అదే రోజు పోయి మందు పోయమన్నారు. పరీక్ష సగానికి పడిపోయింది. నేను తలుపు దగ్గరికి వచ్చాక వెనక్కి పిలిచి, ఆ అమ్మ ఆకు ఎంత వేసింది, దేంతో నూరింది అని అడిగారు. చెప్పాను. తెల్లగడ్డ అన్న మాట దగ్గర ఆయన రాసుకోవడం చూశాను.

ఆయనకి చెప్పనిది ఒకటే మిగిలింది. అంగీకార పత్రం దగ్గర నేను పెద్దమ్మకి చెప్పిన మాట. అది చెబితే ఒక్క ఇల్లు కాదు, ఐదిళ్ల సంతకాలూ చెల్లవు, నా ఉద్యోగంతోపాటు ఆయన ప్రాజెక్టూ పోతుంది. చెప్పకపోతే అది నా లోపలే ఉంటుంది. చెప్పలేదు.

ఒక ఆదివారం సార్ తిరుత్తణికి కారులో వచ్చారు. సంతలో ఒక ఆడమేకపిల్లని కొని, కారు వెనక సీట్లో కాగితాలు పరిచి పడుకోబెట్టి, నన్ను కూడా ఎక్కించుకుని పెద్దమ్మ ఇంటికి తీసుకుపోయారు. దారంతా అది అరుస్తూనే ఉంది. కొట్టం ముందు బురదలో ఆయన బూట్లతో నిలబడి, మేకపిల్లని దించి, చేతులు జోడించారు. తప్పు మాదేనమ్మా, ఇంకా ముందే మందు పోయాల్సింది అని తమిళంలో చెప్పారు. పెద్దమ్మ ఫరవాలేదన్నట్టు తలూపింది. అక్కడితో ఆగిపోతే బాగుండేది. ఆయనకి తన మనసు ఇంకొంచెం తేలికపడాలని ఉన్నట్టుంది. కొన్నిటికి రంగునీళ్లే పోస్తామని కాగితంలో రాశాం గదమ్మా, ఈ అమ్మాయి మీకు తెలుగులో చదివి చెప్పింది గదా అన్నారు.

పెద్దమ్మ నా వైపు చూసింది. ఆ చూపు ఎంతో సేపు లేదు. కానీ ఆమెకి అంతా అర్థమవడం నేను చూశాను. ఆ మధ్యాహ్నం, మజ్జిగ గ్లాసు, నేను చెప్పిన మాట, అన్నీ.

"ఆమా సార్, సొన్నాంగ" అంది. అవును, చెప్పారని.

సార్ ఊపిరి వదిలి కారు వైపు నడిచారు. నేను అక్కడే నిలబడిపోయాను. ఆమె మేకపిల్ల మెడకి తాడు కడుతూ, నా వైపు చూడకుండా తెలుగులో అంది.

"నీ ఉద్యోగం పోగూడదని చెప్పినా. నువ్వు చేసింది సరి అని గాదు. ఇంక మా ఇంటికి రావాకు పాపా."

క్షమించమని అడగడానికి కూడా ఆమె చోటు ఇవ్వలేదు. కారులో సార్ చాలా తేలికపడ్డట్టు మాట్లాడారు. మంచి మనిషి, ఎంత సులభంగా అర్థం చేసుకుందో చూశావా అన్నారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ అవునన్నాను.

తర్వాత ఏడాదిపైన అదే లాబులో అదే కుర్చీలో కూర్చున్నాను. మిగిలిన మేకలతోనే పరీక్ష ముగించాం. ఆకు సారం, మందు కలిపి ఇచ్చిన జట్టులో గుడ్లు మందు ఒక్కటే ఇచ్చినవాటికంటే తక్కువే వచ్చాయి. కానీ సార్ ఆశించినంత తేడా లేదు, మేకలు తగ్గిపోవడంతో గట్టిగా ఏదీ చెప్పడానికీ లేదు. పత్రికకి పంపిన వ్యాసంలో అలాగే రాశారు. ఒక మేక చనిపోవడం గురించీ, కొట్టేసిన ఇంటి గురించీ కూడా అందులో రాశారు, అది ఆయన గొప్పతనమే. నా పేరు చివరన ఉంది. ఆ వ్యాసం నేను ఇంట్లో ఎవరికీ చూపించలేదు.

ప్రాజెక్టు ముగిసిన నెలలో గుమాస్తా బీరువా తెరిచి ఫోల్డరు నా చేతికిచ్చాడు. ఇంటికి తెచ్చి మా బట్టల బీరువాలో చీరల కింద పెట్టాను. అదే వారం ఫ్యాక్టరీవాళ్లు మా ఆయన కాంట్రాక్టు కొనసాగించలేదు. సార్ పశువుల పిడుదుల మీద కొత్త ప్రాజెక్టు వచ్చిందని, వస్తావా అని ఫోన్ చేశారు. మా అత్త వింటూ నిలబడింది. వస్తానన్నాను. సోమవారం మళ్లీ ఫోల్డరు తీసుకుపోయి ఇచ్చాను.

కొత్త పత్రం తెలుగులో నేనే రాశాను. మందు లేని జట్టు సంగతి మొదటి పేజీలో, మొదటి వాక్యంలో పెట్టాను. ఆ ఊళ్లలో చాలామంది అది వినగానే లేచిపోతారు. ఒప్పుకునేవాళ్ల కోసం ఎక్కువ దూరం తిరగాల్సి వస్తోంది, తామరైపాక్కం దాకా కూడా పోయాను. సార్ ఆలస్యమవుతోందని అంటారు గానీ మార్చమని మాత్రం అనలేదు. ఎందుకు అలా రాశావని కూడా అడగలేదు. పెద్దమ్మ ఊరి బస్సు నేను పోయే దారిలోనే ఆగుతుంది. అక్కడ దిగాల్సినవాళ్లు దిగుతుంటే నేను చేతిలో కాగితాల వైపు చూసుకుంటాను.

పోయిన నెల తిరుత్తణి స్టేషనులో ఆమె కనపడింది. బెంచీ మీద కూతురితో కూర్చుని ఉంది. కంటికి శుక్లం తీయించుకోవడానికి చెన్నై పోతున్నారట. ఆ సంగతి కూతురు చెప్పింది. పెద్దమ్మ నన్ను గుర్తుపట్టి, పక్కనున్న సంచి తీసి ఒళ్లో పెట్టుకుని, నాకు చోటిచ్చింది. కూర్చున్నాను. నీ కూతురు ఎన్నో తరగతి అని అడిగింది. మూడు అని చెప్పాను. బాగా చదువుతాదా అంది. చదువుతుందన్నాను. కొట్టంలో ఇప్పుడు ఎన్ని ఉన్నాయని అడగాలని రెండుసార్లు అనుకున్నాను. బండి వచ్చింది. కూతురు చెయ్యి పట్టుకుని ఆమె ముందున్న ఆడవాళ్ల పెట్టెలో ఎక్కింది. నాదీ అదే బండి. నేను నాలుగడుగులు వెనక్కి నడిచి వేరే పెట్టెలో ఎక్కాను.